పుష్పవల్లి తవ్విన గ్రహం

తిరుత్తణి బజారులో స్టీలు పాత్రల అంగడి నడిపే మునిరాజు భార్య పుష్పవల్లికి నలభై దాటాక కంప్యూటరు ఆట పిచ్చి పట్టిందంటే బంధువుల్లో నమ్మినవాళ్లు తక్కువ. నమ్మినవాళ్లు కూడా పేకాట లాంటిదేదో అనుకున్నారు. రంగురంగుల పండ్లను వరసలో పేర్చి పగలగొట్టే ఆటేమో అని ఒక వదిన అడిగింది కూడా. అదీ కాదు. ఎక్కడో చుక్కల మధ్య ఒక బండరాతి గ్రహం తిరుగుతూ ఉంటుంది. దాని మీద గాలి లేదు, నీళ్లు లేవు, చెట్టూ చేమా లేవు. వీపుకు గాలి సీసా తగిలించుకుని ఒకే ఒక మనిషి అక్కడ దిగుతాడు. ఇనుపరాయి తవ్వాలి, కరిగించాలి, ఆ ఇనుముతో యంత్రం చెయ్యాలి, ఆ యంత్రంతో ఇంకో యంత్రం చెయ్యాలి. ఆ దిగిన మనిషి మన పుష్పవల్లి.

ఆటను అంగడి కంప్యూటర్లో ఎక్కించింది కూతురు యోగిత. తిరువళ్లూరులో హాస్టల్లో ఉండి కాలేజీ చదువుతున్న పిల్ల. సెలవులకు వచ్చినప్పుడు బిల్లులు వేసే ఆ కంప్యూటర్లో ఆడుకుంటుంటే, పక్కన కూర్చుని వక్క నములుతూ చూసిన పుష్పవల్లి, "ఆ రాళ్లన్నీ నువ్వే మొయ్యాల్నా? బెల్టు మీద ఏస్తే అదే పోదూ?" అని అడిగింది. యోగిత తల తిప్పి తల్లి వంక చూసి, "నువ్వే ఆడుమ్మా" అని కుర్చీ ఇచ్చేసింది. అంతే, ఆ కుర్చీ మళ్లీ కూతురికి దక్కలేదు.

కింద అంగడి, మేడ మీద ఇల్లు. మధ్యలో ఇరుకు మెట్లు. పుష్పవల్లి జీవితమంతా ఆ మెట్ల మీదే అరిగిపోయిందని చెప్పినా తప్పు లేదు. పొద్దున కాఫీ, టిఫను, మంచంలో ఉన్న అవ్వకు ఒళ్లు తుడవడం, మాత్రలు, అన్నం, కింద అంగట్లో పేర్లు కొట్టడం. పేర్లు కొట్టడమంటే, పెళ్లికి బిందె ఇచ్చేవాళ్లు ఆ బిందె మీద తమ పేరు చెక్కించుకుంటారు కదా, ఆ పని. కలంలాంటి చిన్న మిషను గుయ్యిమంటుంటే పుష్పవల్లి అరవంలోనూ తెలుగులోనూ ఎవరెవరి పేర్లో వంకర లేకుండా చెక్కుతుంది. మధ్యలో పైనుంచి అవ్వ గొంతు వస్తుంది. మిషను ఆపి మెట్లెక్కుతుంది. అంతలో కిందినుంచి మునిరాజు గొంతు వస్తుంది. దిగుతుంది.

అవ్వంటే అత్తగారే, పచ్చయమ్మ. మునిరాజు పుష్పవల్లికి సొంత మేనమామ. నగరిలో పుట్టి పెరిగిన పిల్లను అమ్మ తమ్ముడికే ఇచ్చి చేశారు. ఎంత వెసులుబాటు అనుకున్నారు అందరూ. ఆ వెసులుబాటు ఎలాంటిదో పుష్పవల్లిని అడగాలి. వేరే ఆడవాళ్లు అత్త మీద కోపం వస్తే పుట్టింటికి పోయి అమ్మ దగ్గర చెప్పుకుంటారు. ఈమె చెప్పుకుందామంటే ఆ అత్త అమ్మకు అమ్మ. మొగుడి మీద చెబుదామంటే ఆ మొగుడు అమ్మకు తమ్ముడు. ఎటు తిరిగినా ఒకే గోడ. పోనీ వాళ్లేమన్నా చెడ్డవాళ్లా అంటే అదీ కాదు. చిన్నప్పుడు గోరుముద్దలు పెట్టిన అవ్వ. సైకిలు మీద తిప్పిన మామ. తిట్టుకోవడానికి కూడా వీల్లేని మనుషుల మధ్య చిక్కుకోవడం ఎంత కష్టమో చిక్కుకున్నవాళ్లకే తెలుసు.

అవ్వ స్నానాలగదిలో జారిపడి తుంటి విరిగి మంచం పట్టినప్పటి నుంచి పుష్పవల్లి బజారు చివరకు కూడా పోయింది లేదు. అందుకే మధ్యాహ్నం అంగడి తలుపు సగం దించి, మునిరాజు అట్టపెట్టెల మధ్య చాప వేసుకుని గురక మొదలుపెట్టగానే, ఆమె గ్రహానికి బయలుదేరేది.

మొదట్లో అంతా చేత్తోనే తవ్వింది. తర్వాత తవ్వే యంత్రం పెట్టింది. తవ్విన రాయిని మోసుకుపోయే బెల్టు పెట్టింది. బెల్టు చివర కొలిమి. కొలిమిని ఆమె పొయ్యి అనే అనేది. పొయ్యిలోంచి వచ్చిన ఇనుప పలకలను ఎత్తి ఇంకో బెల్టు మీద పెట్టడానికి ఒక ఇనుప చెయ్యి. గాల్లో ఎగిరి సామాన్లు చేరవేసే చిన్న యంత్రాలకు తోడికోడళ్ల పేర్లు పెట్టింది. ఒకటి పని ఎగ్గొట్టి మూల నిలబడితే, "ఏమే సుగంధీ, పండక్కి వచ్చినప్పుడూ ఇంతే గదా నువ్వు" అని దాన్ని తిట్టుకునేది. ఇనుపరాయీ రాగిరాయీ ఒకే బెల్టు మీద కలిసిపోయి మొత్తం ఆగిపోయిన రోజున, పెళ్లి పంక్తిలో సాంబారు వాడూ పాయసం వాడూ ఎదురెదురుగా వచ్చి నిలబడినట్టుందే అని తనలో తనే నవ్వుకుంది.

కానీ అసలు సుఖం తవ్వడంలో లేదు. ఒక వరస అంతా సరిగ్గా కుదిరాక, ఆమె మౌసు మీది చెయ్యి తీసేసి ఒళ్లో పెట్టుకునేది. ఊరికే చూసేది. రాయి తవ్వుకుంటుంది, బెల్టు కదులుతుంది, పొయ్యి మండుతుంది, పలక పడుతుంది. ఎవరూ పిలవరు. "పుష్పా" అనే మాట ఆ గ్రహం మీద వినిపించదు. తను లేకపోయినా నడిచే పని ఒకటి ఉందని చూడటం ఆమెకు ఎంత హాయిగా ఉండేదంటే, ఒకోసారి కళ్లలో నీళ్లు తిరిగేవి.

ఆ గ్రహాన్ని ఇద్దరు ముగ్గురు కలిసి కూడా తవ్వుకోవచ్చు. యోగిత స్నేహితురాలి అక్క ఎస్తేరు అలా వచ్చి చేరింది. ఆవడిలో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. తాత కాలంలో నెల్లూరు వైపు నుంచి ఫ్యాక్టరీ పనికి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఎస్తేరు ఆవడిలోనే ఇడ్లీ పిండి పొట్లాలు చేసే కంపెనీలో సూపర్‌వైజరు. బియ్యం నానడం, రుబ్బడం, పులియడం, పొట్లాల్లో నిండడం, అన్నీ మిషన్లే, అన్నీ బెల్టుల మీదే. రాత్రి డ్యూటీ చేసి నిద్ర లేచాక, మధ్యాహ్నాలు చెవికి మైకు తగిలించుకుని ఆటలోకి వచ్చేది. యోగిత పరీక్షల్లో పడి ఆట మానేసినా వీళ్లిద్దరూ మానలేదు. ఒకరి ముఖం ఒకరు చూడకుండానే అక్కాచెల్లెళ్లయ్యారు.

ఒకనాడు ఎస్తేరు అంది, "పుష్పక్కా, మా కంపెనీలో పగటి షిఫ్టుకు ఒక మనిషి కావాల. ఏ మిషను యాడ ఆగిపోయిందో చూసి ఆడ నిలబడే మనిషి. నువ్వు వచ్చేయరాదా? తిరుత్తణిలో లోకలు ఎక్కితే నేరుగా ఆవడే గదా."

"నేనా?" అని నవ్వేసింది పుష్పవల్లి. నవ్వింది కానీ ఆ రోజు రసంలో ఉప్పు రెండుసార్లు వేసింది. రైలెక్కి పొద్దున పోవడం, సాయంత్రం రావడం, మధ్యలో తనకంటూ ఒక రోజు. ఆ తలపు మనసులోకి దిగాక ఇక బయటికి పోలేదు. పాత్రలు తోముతున్నా అదే, అవ్వకు తల దువ్వుతున్నా అదే. ఈ వయసులో ఇదే ఆఖరి తలుపు, ఇదీ మూసుకుంటే ఇక ఈ మెట్లే గతి అని ఆమెకు గట్టిగా అనిపించింది.

అడగడానికి మంచి సమయం చూసుకోవాలనుకుంది. ఆమె చూసుకున్న సమయం ఎలాంటిదంటే, అరవవాళ్ల వైకాసి నెల పెళ్లి ముహూర్తాల తాకిడిలో, అంగడి నిండా జనం, ఒక పెళ్లివారు బిందెలన్నీ తిరగేసి మోగించి చూస్తున్నప్పుడు. వారం రోజులు నోట్లో నానబెట్టుకున్న మాట, ఇక ఆగలేక అప్పుడే బయటపడింది.

"మామా, ఆవడిలో పని వుండాదంట. ఎస్తేరు పిలస్తా వుంది. పోయేదా?"

మునిరాజు బిందె మీద నుంచి తల ఎత్తకుండానే అన్నాడు, "అవసరమా?"

పుష్పవల్లి ఆ మాటనే మనసులో తిప్పుకుంది. అవసరమా! ఈ వయసులో, ఈ ఇంట్లో, మంచంలో మనిషిని పెట్టుకుని, నీకిది అవసరమా! అంతకంటే వద్దని చెప్పేసినా బాగుండేది. పెళ్లివారి ముందు ఇంకో మాట పెంచడం ఇష్టం లేక, "అవసరం లేదులే" అంది.

"సరి" అన్నాడు మునిరాజు. బిందె ధర చెప్పడంలో పడిపోయాడు.

ఆ తర్వాత పుష్పవల్లి ఆ ఊసెత్తలేదు. ఎస్తేరు అడిగితే, "చూద్దాంలే" అని దాటేసింది. అవ్వకు నీళ్లిచ్చే గ్లాసు కాస్త గట్టిగా పెట్టేది. పెట్టినందుకు మళ్లీ తనే బాధపడేది. మధ్యాహ్నం ఆటలో కూర్చుంటే మాత్రం చేతులకు పూనకమే. మునుపటిలా చెయ్యి తీసి చూడటం లేదు. కడుతూనే ఉంది. పొయ్యి పక్కన పొయ్యి, బెల్టు మీద బెల్టు, గొట్టం మీద గొట్టం. ఎందుకు కడుతోందో ఆమెకే తెలియదు.

అరవవాళ్ల ఆషాఢం, ఆడి నెల వచ్చింది. పెళ్లిళ్లు లేవు, అంగట్లో ఈగలు తోలుకోవడమే పని. అలాంటి ఒక మధ్యాహ్నం ఎస్తేరు ఆటలోకి వచ్చి వెతికింది.

"అక్కా, యాడుండావు? కనపడవే?"

"లోపలుండాను."

"యాడ లోపల?"

"పొయ్యిల మధ్యన. నాలుగు పక్కలా కట్టేసినాను. బయటికి దారి లేదు."

ఎస్తేరు పగలబడి నవ్వింది. ఈ ఆటలో అందరికీ ఎప్పుడో ఒకసారి జరిగేదే. పనిలో పడి చుట్టూ కట్టేసుకోవడం, తీరా చూస్తే మధ్యలో తనే ఇరుక్కుపోయి ఉండటం. "దానికేమక్కా, ఒక బెల్టు పీకేసి రా. గాలి అయిపోతా వుంది చూడు."

పుష్పవల్లి చెయ్యి కదల్లేదు. ఒకటి పీకితే దాని వెనక పొయ్యి ఆగుతుంది, ఆ పొయ్యి ఆగితే అవతల యంత్రం ఆగుతుంది. ఏది పీకాలన్నా మనసొప్పలేదు. తెర మీద ఆ చిన్న మనిషి నాలుగు గోడల మధ్య నిలబడి ఉన్నాడు. మూలన, సీసాలో మిగిలిన గాలిని చూపే గీత ఎర్రబడింది. ఎస్తేరు నవ్వు ఆగిపోయింది. "అక్కా, పీకక్కా. అక్కా!" అని అరుస్తూనే ఉంది. పుష్పవల్లి చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆ మనిషి కింద పడిపోయేదాకా అలాగే చూసింది. తర్వాత చిన్నగా, "ఇంట్లో కూడా ఇంతేనే ఎస్తేరూ" అని మైకు తీసేసింది.

ఎస్తేరు ఊరుకునే పిల్ల కాదు. అంగడి బోర్డు మీది నంబరు యోగిత దగ్గర తీసుకుని, సాయంత్రానికల్లా ఫోను చేసింది. ఎత్తింది మునిరాజు.

"ఎవరమ్మా? ఆ, ఎస్తేరా! అవును, ఇక్కడే వుండాది... లేదమ్మా, అదే అవసరం లేదనింది. నేనేం చేసేది?... అట్లనా? వుండు, ఇస్తాను." ఫోను అరచేత్తో మూసి పేర్లు కొట్టే బల్ల వైపు తిరిగాడు. "పుష్పా, ఆ యమ్మి ఇంక ఆగేదానికి లేదంటా వుంది. వేరే మనిషిని ఏసుకుంటారంట. నువ్వేమో అవసరం లేదంటివి. సరే, ముహూర్తాలన్నీ అయినాక నిమ్మళంగా పోతావులే అని నేనూ వూరకుండాను."

పుష్పవల్లి మిషను ఆపింది. "పోతాననుకున్నావా?"

"పోతాననే గదా అడిగితివి. తొందరా అంటిని, తొందర లేదంటివి."

"తొందరా అనలా నువ్వు. అవసరమా అనినావు."

"అవును, అదే. అవసరమా అంటే తొందరా అని గదా!"

నగరిలో అవసరమంటే కావలసి ఉండటం. తిరుత్తణి అరవంలో అవసరమంటే తొందర. అరవంలో చదివి, అరవంలో వ్యాపారం చేసే మునిరాజు నోట ఆ మాటకు రెండో అర్థమే. ఇన్నేళ్లు కాపురం చేసిన పుష్పవల్లికి ఆ సంగతి తెలియక కాదు. కాఫీ గబగబా తాగేవాడిని "ఎందుకంత అవసరం?" అని ఆమే వెయ్యిసార్లు అని ఉంటుంది. కానీ వద్దంటాడని ముందే లోపల నిర్ణయించుకుని నిలబడిన మనిషికి, ఆ పెళ్లివారి సందడిలో, పుట్టింటి అర్థమే చెవిన పడింది. రెండు నెలలు! మొగుడు గొళ్లెం తియ్యకపోవడం కాదు, అసలు వెయ్యనే లేదు. తనే బయట గొళ్లెం ఉందనుకుని లోపల కూర్చుంది.

సంతోషం రావాలి కదా, కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. "వద్దని నేనెప్పుడన్నా అనినానా?" అంటున్నాడు మునిరాజు అమాయకంగా. నిజమే, ఏనాడూ అనలేదు. పొమ్మని కూడా ఏనాడూ అనలేదు. ఆమె ఏనాడూ గట్టిగా అడగలేదు.

"నాకు ఆ పని కావాల మామా" అంది. అలా అనడం ఆమెకే కొత్తగా వినిపించింది.

"పో. ఎవరు వద్దనినారు? పొద్దున వంట చేసేసి పో. అవ్వకు ఒళ్లు తుడిచేసి, మాత్రలిచ్చేసి పో. సాయంత్రం వచ్చి పేర్లు కొట్టేస్తే సరిపోతుంది."

ఎంత ఉదారంగా ఇచ్చాడో చూడండి. వెటకారం లేదు, దురుద్దేశం లేదు, నిండు మనసుతో ఇచ్చాడు. ఆ చేసేసి, తుడిచేసి, ఇచ్చేసి అనే మాటల్లో పెళ్లాన్ని మళ్లీ మెట్ల మీదే నిలబెట్టానని అతనికి తట్టనే లేదు.

"అవన్నీ చేసేసి పోయేదానికి ఇంకొక పుష్పవల్లి కావాల" అంది ఆమె. మునిరాజు నవ్వబోయి, ఆమె నవ్వడం లేదని చూసి ఆగిపోయాడు. "మరి అన్నం?" అన్నాడు చిన్న గొంతుతో. నిజంగానే భయపడ్డాడు. చిన్నప్పుడు సైకిలు తిప్పిన మామ ముఖం చూసి ఆమెకు జాలేసింది. ఆ జాలే ఇన్నాళ్లూ తనను కదలనివ్వలేదని కూడా తెలిసింది. ఫోను అందుకుని, "సోమవారం వస్తానే ఎస్తేరూ" అని చెప్పేసింది, మళ్లీ మనసు మారకముందే.

మిగిలిన రోజుల్లో మునిరాజుకు కుక్కరు పెట్టడం నేర్పింది. మొదటి రోజు నీళ్లు తక్కువై మాడ్చాడు, రెండో రోజు ఎక్కువై జావ చేశాడు. అవ్వకు ఒళ్లు తుడవడానికి అంగట్లో ఊడ్చి తుడిచే సెల్విని మాట్లాడింది. అవ్వ మాత్రం ఒప్పుకోలేదు. "నన్ను వీడి చేతికి ఇచ్చేసి పోతావా? వీడికి లుంగీ కట్టుకునేదే సరిగ్గా రాదు" అని కొడుకును చూపి సణిగింది. సోమవారం పొద్దున పుష్పవల్లి పోయొస్తానని చెబుదామని మంచం దగ్గరికి పోతే గోడ వైపు తిరిగి పడుకుంది. పుష్పవల్లి ఆ వీపును కాసేపు చూసి, దుప్పటి సర్ది, మెట్లు దిగింది.

రైల్లో ఆడవాళ్ల పెట్టెలో కిటికీ పక్కన చోటు దొరికింది. ఫోను సంచిలో వెయ్యలేదు, చేతిలోనే పట్టుకుంది. ఇప్పుడు మోగుతుంది. ఉప్పు యాడుండాది అంటాడు. మాత్ర ఎర్రదా తెల్లదా అంటాడు. అవ్వ తిననంటా వుంది, తిరిగొచ్చెయ్ అంటాడు. ఏమని చెప్పాలో కూడా తయారుగా పెట్టుకుంది. అరక్కోణం వచ్చింది. ఫోను మోగలేదు. పాడైందేమో అని తెర వెలిగించి చూసింది. బాగానే ఉంది. తిరువళ్లూరు కూడా దాటింది. ఇక ఉండబట్టలేక తనే చేసింది.

"మామా, కుక్కరు పెట్టినావా?"

"పెట్టేసినాను. దించేసినాను కూడా."

"అవ్వకు మాత్ర?"

"ఇచ్చినాను. టిఫను తినేసింది. సెల్వి వచ్చి ఒళ్లు తుడిచి పోయింది."

"నన్ను అడిగిందా?"

"లేదే. నిద్రపోతా వుండాది."

"ఇంకేమన్నా కావాల్నా?"

"ఒకటీ లేదు. నువ్వు జాగర్తగా పో. గిరాకీలొచ్చినారు, పెట్టేస్తా."

ఫోను ఆగిపోయింది. పుష్పవల్లి ఆ నల్లటి తెర వంక చూస్తూ ఉండిపోయింది. ఇన్నాళ్లూ అందరూ తనను పట్టుకుని వదలడం లేదనే అనుకుంది. వదిలేస్తే ఇలా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. ఏడుపు ఆపుకుందామనుకుంది, ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కొత్త పనికి పోతున్న మనిషి, పెట్టె నిండా ఆడవాళ్ల మధ్య, ఒళ్లు ఊగేలా ఏడ్చింది.

ఎదుటి సీట్లో పూలబుట్టతో కూర్చున్న ముసలామె వంగి ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. "ఏందమ్మా, ఇంట్లో ఎవరికన్నా బాగలేదా?"

"అందరూ బాగానే వుండారు" అని, పుష్పవల్లి ఇంకా గట్టిగా ఏడ్చింది.

ఆవడిలో రైలు ఆగింది. కళ్లు తుడుచుకుని దిగింది.